గాజు బీరువాలో పేరంటాలు

కదిర్కామంలో కాపురముంటున్న, జవుళి వర్తకుడు కీర్తిశేషులు లోకనాథ నాయుడి భార్య కనకం అనే నేను, వయసు డెబ్బై ఒకటి, కాళ్ళు పడిపోయాయి గానీ బుద్ధి పడిపోలేదని దస్తావేజులు ఖరారు చేసే నొతేరు గారి ఎదుట చెప్పి, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న మరణశాసనం ఇది. నేను పోయిన పదకొండో నాడు నా కొడుకు కేశవన్ దీన్ని బంధువుల ముందు నిలబడి గట్టిగా చదవాలి. మధ్యలో ఆపితే ఇల్లు అతనికి దక్కదు.

ఒకటి. కిరుమాంబాక్కం మడిచెక్క నా చెల్లెలు రుక్మణికి. నా పెళ్ళిలో నా వడ్డాణం చూసి నవ్వింది. ఆ మడిలో ఇప్పుడు ఉప్పు తేలింది, నవ్వుకోమనండి.

రెండు. నా ఊతకర్ర కోడలు పంకజానికి. నేనెప్పుడు పడతానా అని పదేళ్ళు దానివంకే చూసింది.

మూడు. నా కూతురు మరగతం ఇరవయ్యో ఏట మశూచితో, నుదుట బొట్టుతోనే పోయింది. మా ఇళ్ళలో అలా పోయిన ఆడపడుచును పేరంటాలుగా నిలుపుకుంటాం. ఆమె పోలికతో ఇత్తడి ముఖం చేయించి వెదురుపెట్టెలో ఉంచాం. ఆ పెట్టె ముందు చీర పెట్టకుండా ఇంట్లో పెళ్ళి జరగదు. తెరిచేది ఇంటి పెద్ద ఆడది ఒక్కతే. మగవాళ్ళు మూసిన పెట్టెకే మొక్కాలి.

నాలుగు. తెల్లవాళ్ళ పేటలో వింత వస్తువుల శాల పెడుతున్న దొర చుట్టూ కేశవన్ తిరగసాగాడు. ఒకనాడు పెట్టె మాయమైంది. అడిగితే, "నాకేం తెలుసుమ్మా, యాడబోయిందో ఏందో" అన్నాడు. మరుసటి నెలలోనే ఆ శాలలో అతనికి ఉద్యోగం. ముఖం గాజు బీరువాకెక్కింది. కింద ఫ్రెంచిలో చీటీ: పెళ్ళికూతుళ్ళను కాచే తెలుగువారి దేవత. తొమ్మిదేళ్ళుగా కేశవన్ రోజూ దానికి దొంగచాటుగా మొక్కి, అద్దం తుడుస్తున్నాడు. తిరిగి ఇవ్వమని ఏడిస్తే, రిజిస్టరుకెక్కిన వస్తువు బయటికి రాదన్నాడట దొర. ఇదంతా అక్కడి కావలివాడే నాకు చెప్పాడు.

ఐదు. మనవరాలు తిలగానికి మూడు మంచి సంబంధాలు వచ్చాయి. మూడూ నేనే తిప్పి పంపాను. "పెట్టె లేని ఇంట్లో తాళి యాడ కట్టేది?" అని కేశవన్ మొహం చూస్తూ అడిగాను. తల దించుకున్నాడు. నేనే తీశానమ్మా అన్న ఒక్క మాట కోసం కాచుకున్నాను. రాలేదు.

ఆరు. కేశవా, ఇక్కడ గొంతు తగ్గించకు. నీ చూపు ఆ పెట్టె మీద పడ్డ రోజే నేను కనిపెట్టాను. మీ నాన్న తాంబూలం ఉమ్మిన తమ్మపడిగను కంచరి మాడసామికిచ్చి, కళ్ళూ ముక్కూ కొట్టించి పెట్టెలో పెట్టాను. నువ్వు దొంగిలించింది దాన్నే. దొరసానులు ముచ్చటపడి చూసేది ఆ ఉమ్మిపాత్రనే, నువ్వు మొక్కేదీ దానికే. అసలు మరగతం ముఖం నా బియ్యపు కాగు అడుగున, తన చీరలోనే మూటగా ఉంది.

ఏడు. తిలగాన్ని ఒక్కదాన్నే నన్ను క్షమించమంటున్నాను. తల్లీ, నీ మూడు సంబంధాలనూ రాళ్ళలా మీ నాన్న మీద విసిరాను. పాపం నాదే. నా పచ్చ పట్టుచీర నీకు. ముందు నీ మేనత్త మరగతానికి పెట్టి, తరవాత నువ్వు కట్టుకో.

ఎనిమిది. ఇల్లు కేశవన్‌కే. కాగులోంచి మూట తీసి తిలగం చేతుల్లో పెట్టాల్సింది కూడా అతనే. విప్పేది తిలగం; ఆ పెద్దరికం కోడలికి కాదు, దానికే ఇస్తున్నాను. అప్పుడు నువ్వు గడప దాటి బయటికి వెళ్ళు కేశవా. నీ చెల్లెలి ముఖం నువ్వు చూడకూడదు.

పుదుచ్చేరి, 1911 ఆగస్టు 19.

కనకం, ఎడమ బొటనవేలి ముద్ర.
రాసినవాడు: రామానుజం.
సాక్షులు: పొరుగింటి విజయరంగన్, తట్టాంచావడి కంచరి మాడసామి, ఆరో అంశం నిజమని ఒప్పుకుంటూ.