నీ నొప్పికి ఒక పేరుందట

అక్కా,

నువ్వు జ్వరంతో పోయి ఈ రోజుకి ఏడాది. చిల్లకల్లులో మనింటి దగ్గర నీ జ్ఞాపకార్థం ప్రార్థన పెట్టారు. నేను వెళ్లలేదు. పొద్దున్నే నందిగామలో బస్సెక్కి, మా ఆయనతో కలిసి విజయవాడ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

మొన్న నా పొట్టలోకి కెమెరా పెట్టి చూసింది ఆవిడే. గర్భసంచి లోపల ఉండాల్సిన పొర బయట కూడా పెరిగి, ట్యూబులు, అండాశయాలు అతుక్కుపోయాయని చెప్పింది. దాన్ని ఎండోమెట్రియోసిస్ అంటారట. పిల్లల కోసం ఐవీఎఫ్ చేసినా పెద్దగా ఆశ పెట్టుకోవద్దంది. మా ఆయన తల వంచుకుని కూర్చున్నాడు.

నాకు నువ్వే గుర్తొచ్చావు. నెలసరి వచ్చినప్పుడల్లా నువ్వు మెలికలు తిరిగిపోతుంటే అమ్మ వాము నీళ్లు తాగించి, "పెళ్లైతే అదే తగ్గిపోద్దిలే" అనేది. పెళ్లయ్యాక పెనుగంచిప్రోలులో ఆ నొప్పితోనే మిరపకాయలు కోశావు. పిల్లలు పుట్టలేదని బావ మరో పెళ్లి చేసుకుంటే, "ఆయన్నేం అనొద్దు, లోపం నాలోనే ఉంది" అన్నావు. ఆ లోపమేమిటో చూపిద్దామని ఒక్కరూ నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్లలేదు.

"ఇది ఒక్కోసారి అక్కచెల్లెళ్లకి కూడా వస్తుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి నొప్పి ఉందా?" అని డాక్టరమ్మ అడిగింది.

"మా అక్కకి చిన్నప్పట్నుంచీ ఉందండి."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు చూపించలేదమ్మా? ఈసారి వచ్చేటప్పుడు ఆవిణ్ణి కూడా తీసుకురా. ముందుగా చూస్తే నొప్పన్నా తగ్గించొచ్చు."



"అలాగేనండి, తీసుకొస్తా" అన్నాను.