గని క్యారేజీ

అమ్మా రెనీ,

ఈ ఆదివారం హాలీని మా ఇంటికి పంపకు. మీ అమ్మ తనకు జ్వరమని, అందుకే పంపొద్దని ఫోన్లో చెప్పింది అబద్ధం.

నేను బొగ్గు గనిలో దిగే రోజుల్లో, ఇంటికి రాగానే నువ్వు నా క్యారేజీ లాక్కునేదానివి. అడుగున నీకోసం ఒక తీపి బిస్కెట్టు మిగిల్చేవాడిని. "ఇవాళ గనిలో ఎలుకలు తినేశాయే" అంటే, "పో నాన్నా, ఊపితే చప్పుడవుతుంటేనూ!" అనేదానివి. ఆ ముచ్చటే నీ కూతురికీ చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

గని కప్పు కూలి నా నడుము విరిగి పదకొండేళ్ళు. డాక్టరు రాసిన నొప్పి మాత్రలు మీ అమ్మ బీరువాలో పెట్టి, పూటకొకటి చేతికిస్తుంది. అవి నాకెప్పుడో చాలకుండా పోయాయి. దొంగచాటుగా కొన్నవి ఆ పాత క్యారేజీలో దాచాను.

మొన్న కుర్చీలో కునుకు తీసి లేచేసరికి, హాలీ ఒళ్ళో క్యారేజీ తెరిచి ఉంది.

"ఊపితే చప్పుడైంది తాతా. ఇవి నాకేనా?"

మీ అమ్మ పరుగున వచ్చి దాని నోట్లో వేలు పెట్టి వెతికింది. "ఒక్కటి కూడా మింగలేదులే" అన్నాను. దేవుడికి దండం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత నెమ్మదిగా అడిగింది, "అంత కచ్చితంగా ఎలా చెప్పావయ్యా?" అని.

ఆమెకు చెప్పనిది నీకు చెబుతున్నాను.

అప్పటికే మాత్రలు లెక్కపెట్టుకున్నాను తల్లీ. పిల్ల నోరు చూడాలని నాకు తట్టనే లేదు.

మీ నాన్న