డాక్టరుగారు అనని మాట

మార్చి 4, సోమవారం
మా ఆవిడకి మొదటి కీమో. నర్సు సూది గుచ్చుతుంటే నేను గోడ మీద క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాను. నేను లిఫ్ట్ మెకానిక్‌ని. మధ్యలో ఇరుక్కుపోయినవాళ్లకి పైనుంచి అరిచి ధైర్యం చెప్పడం నా పనిలో సగం. ఇవాళ నోరు పెగల్లేదు.

మార్చి 6
పొద్దున్నుంచి వాంతులు. బకెట్ పట్టుకున్నది నేనే. కడిగింది నేనే. అయినా వాసన పోవడం లేదు. ఆవిడ చెమటలో కూడా అదే మందు వాసన.

మార్చి 7, ఉదయం 6
రాత్రి అబద్ధం ఆడేశాను. ఊరంతా తిరిగొచ్చేవాణ్ణి కదా, నీకు ఇన్ఫెక్షన్ అంటుకుంటుందట, కొన్నాళ్లు వేరే గదిలో పడుకోమన్నారు డాక్టరుగారు అని. ఆయన అలాంటిదేమీ అనలేదు. నేనే బయటి గదిలోకి మారతానన్నాను. వద్దులెండి, మీ నడుముకి ఆ మంచమే మంచిది, నేను కుట్టుమిషన్ గదిలో సర్దుకుంటానంది. తన దిండు తనే మోసుకెళ్లింది. చూస్తూ కూర్చున్నాను.

మార్చి 12
కంచం, గ్లాసు కూడా విడిగా పెట్టుకుంది. ఎందుకన్నాను. డాక్టరుగారు చెప్పారుగా అంది.

మార్చి 15
వదిన ఫోన్. మా ఆవిడకి అక్క కదా, రోజూ కనుక్కుంటుంది. మరిదిగారూ, మీలాంటి మొగుడు దొరకడం మా చెల్లెలి అదృష్టం అంది. అయ్యో, ఎంతమాట వదినా అన్నాను. ఎంత సాఫీగా వచ్చిందో ఆ మాట!

మార్చి 19
నిద్ర బాగా పడుతోంది.

మార్చి 25, సోమవారం
రెండో కీమో. రిపోర్టులు చూసి, బాగానే ఉంది, ఇంకేమైనా అడగాలా అన్నారు డాక్టరుగారు. మా ఆవిడ తల వంచుకుని మెల్లిగా, మళ్లీ మా గదిలో ఎప్పటినుంచి పడుకోవచ్చండీ అని అడిగింది. ఆయనకి అర్థం కాలేదు. వేరుగా పడుకోమని ఎవరన్నారమ్మా అన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది.

ఆవిడ నా వైపు చూసింది. ఒక్క క్షణమే. నేనే ఏదో తప్పుగా విన్నట్టున్నానండీ, ఈ మందులకి చెవులు కూడా పనిచెయ్యట్లేదు అంది ఆయనతో. డాక్టరుగారు నవ్వారు. నర్సు నవ్వింది. నేనూ నవ్వాను. అదీ నా బతుకు.

ఇంటికొచ్చాం. గుమ్మంలోనే ఒప్పేసుకున్నాను. వాసన భరించలేకపోయానన్నాను. భయమని చెప్పుకోవచ్చు, కాస్త మర్యాదగా ఉంటుంది. కానీ భయం కాదు, అసహ్యం.

చెప్పులు విప్పుకుంటూ అంది: ఆ వాసన నాకూ వస్తోందండీ. నేనెక్కడికి పోను?

మార్చి 26
దిండు తెద్దామని వెళ్లాను. ఉండనివ్వండి, ఇక్కడ కిటికీలోంచి గాలి బాగా వస్తోంది అంది. కోపంగా అనలేదు. తిట్టినా బాగుండేది.

ఏప్రిల్ 15
మూడో కీమో. సూది గుచ్చే ముందు నర్సు కోసం చెయ్యి చాచింది. రెండో చేతికి నా చెయ్యి అందించాను. గోళ్లు దిగేలా పట్టుకుంది. రక్తం వచ్చింది. ఇద్దరం వదల్లేదు.

ఇంకా చెయ్యి కడుక్కోలేదు.