వంతెన అవతల చెల్లని కాగితం

వెర్నా అక్కకు,

ఒంట్లో బాగానే ఉంది, కంగారుపడకు. న్యూజెర్సీ జైల్లో ఉన్నాను. మనవరాలి బాప్టిజానికి వెళుతూ వంతెన దాటగానే, వెనక లైటు వెలగడం లేదని పోలీసు ఆపాడు. బావ తన కొట్లో నాకు తుపాకి అమ్మిన రోజు నేర్పినట్టే, చేతులు స్టీరింగు మీద పెట్టి నేనే చెప్పాను: "సార్, కారు సొరుగులో పిస్తోలుంది. పెన్సిల్వేనియా పర్మిటుంది."

"అమ్మా, ఆ కాగితం నది అవతల మీ రాష్ట్రంలోనే చెల్లుతుంది. ఇక్కడ నేరం" అన్నాడు. బేడీలు వేస్తూ అతనే తల దించుకున్నాడు.

"దేశమంతా చెల్లుతుంది లోర్నా, నాదీ పూచీ" అన్నాడు కదా బావ!

శిక్ష పడితే నా నర్సు పని కూడా పోతుందట. పిల్లికి తిండి పెట్టు. టమాటాలు కుళ్ళకముందే కోసి సీసాలకెత్తు. నేను కుట్టిన తెల్ల గౌను కారుతో పాటు పోలీసుల దగ్గరే ఉండిపోయింది. పాపకు వాళ్ళమ్మ పాత గౌను వేయమను. దాని నుదుట నా బదులు నువ్వు ముద్దుపెట్టు.

బావా, టపా తీసేది నువ్వే కాబట్టి ఈ కార్డు ముందు నువ్వే చదువుతావు. పర్మిటు అంతటా చెల్లుతుందని ఎవరు చెప్పారని లాయరు అడిగితే గుర్తులేదన్నాను. శనివారం కొట్లో తుపాకి కొనేవాళ్ళు ఇంకెవరికీ ఇలా పూచీ ఉండకు.

మీ లోర్నా