కొమ్ము లేని గువ్వ

గురువారం, మధ్యాహ్నం

బావకు,

నమస్కారం. అందరం క్షేమమని రాయడం మర్యాద. ఆ మర్యాద ఈసారికి మానేస్తున్నాను. నా ఫోన్ ఎత్తవు, మెయిల్ తెరవవు. అందుకే ఉత్తరం. చించేముందు చదువు.

మనిద్దరం కలిసి రాసిన గువ్వ ఇప్పుడు నాది కాదు. ఫోన్లు నడిపే ఆ కోడ్‌ను ఎవరైనా తీసుకోవచ్చు. నువ్వు తీసుకెళ్ళి వేరు కుంపటి పెట్టి, పిచ్చుక అని పేరు మార్చుకోలేదూ? కానీ గువ్వ అన్న పేరూ, సర్వర్లూ నావి. వాటిని ఒక పెద్ద కంపెనీకి రాసిచ్చేశాను. నీ మీద కోపంతోనే ఇచ్చాను, దాచడం దేనికి. పాస్‌వర్డులు నిన్ననే మార్చేశారు. ఇప్పుడు ఆపి ఉంచిన ఆ సర్వర్లు సోమవారం పొద్దున వాళ్ళ చేతుల్లో మళ్ళీ మొదలవుతాయి.

సంతకాలయ్యాక వాళ్ళ లాయరు టీ తాగుతూ, ఏదో మాటవరసకన్నట్టు అడిగాడు.

"పిచ్చుక వాడేవాళ్ళు ఎక్కడెక్కడున్నారో తెలుసుకునే దారేమైనా ఉందాండీ?"

లేదన్నాను. ఆ అబద్ధం ఎన్నాళ్ళు నిలుస్తుందో తెలియదు.

దారి ఉంది బావా. వెళ్ళేటప్పుడు నువ్వు కోడ్ మొత్తంలో గువ్వ అని వెతికించి, ఉన్న చోటల్లా పిచ్చుక అని మార్చావు. ఒక్క వరుస తప్పించుకుంది. అందులో కొమ్ము ఎగిరిపోయి గవ్వ అని ఉంది. అది నా రెండో సర్వర్ చిరునామా. మీ ఫోన్లన్నీ రోజూ ఉదయం ఆరింటికి అప్‌డేట్ ఉందా అని మీ సర్వర్‌తో పాటు దాన్నీ అడుగుతున్నాయి. అడిగిన ప్రతిసారీ ఏ పేట నుంచి అడిగాయో అక్కడ నమోదవుతుంది. పాతవన్నీ అప్పగించే ముందే చెరిపేశాను, సోమవారం నుంచి పడేవి మాత్రం వాళ్ళకే.

అక్క పనిచేసే ఇంటిని తలుచుకో. మొగుళ్ళ దెబ్బలు తప్పించుకుని వచ్చిన ఆ పద్నాలుగు మందికీ, జాడ చెప్పని ఫోనంటూ పిచ్చుక పెట్టి ఇచ్చింది నువ్వే. ఆ జాబితా కంపెనీ చేతిలో పడి, అక్కణ్ణుంచి ఇంకెవరికో చేరితే, ఎవడో ఒకడు వచ్చి ఆ తలుపు కొడతాడు. నాకు భయంగా ఉంది బావా. కళ్ళు మూసినా ఆ తలుపే కనిపిస్తోంది.

ఇది అందగానే ఆ వరుస తీసేసి అప్‌డేట్ పంపు. ఆదివారంలోపు ప్రతి ఫోన్లోనూ పడాలి. నన్ను తర్వాత తీరిగ్గా కూర్చుని తిట్టొచ్చు, నేనెక్కడికీ పోను.

ఇట్లు,
నీ ముఖం చూసే ధైర్యం లేని
బావమరిది

తా.క.: కొమ్ము దానంతటది ఎగిరిపోలేదు. నువ్వు వెళ్ళిపోతున్నావని తెలిసిన రోజున నేనే తీసేశాను. ఎంతమంది నీ వెంట వెళ్ళారో చూసుకోవాలన్న కుళ్ళు. ఒకే చోటి నుంచి పదిహేను ఫోన్లు అడగడం చూసి, అందులో ఒకటి అక్కదే అనుకున్నాను. ఆ పేటలో రెండు ఆదివారాలు తిరిగితే, ఒక గేటు లోపల అక్క ఆకుపచ్చ స్కూటర్ కనిపించింది. అక్క నీ చేతికిచ్చిన ఈ కవరు మీద స్టాంపు లేదు చూడు. ఆ గేటు పెట్టెలో నేనే వేశాను. ఆ చిరునామా నాకెవరూ చెప్పలేదు.