తొడిమలు తీస్తూ విన్న లెక్కలు

అత్తా,

ఇవాళ నేను ఇంటర్ చదివిన కాలేజీలో నాకు మైకు ఇచ్చినట్టే ఇచ్చి లాక్కున్నారు. ఇంకా ఒళ్లు మండుతోంది.

ఎంసెట్‌లో రెండోసారి మార్కులెలా పెంచుకున్నానో జూనియర్లకు చెప్పమని నరసరావుపేట పిలిపించారు. తీరా వెళ్తే ప్రిన్సిపాల్ ఒక కాగితం చేతిలో పెట్టాడు. రోజుకు పదహారు గంటల చదువు, వాళ్ల టెస్టులు, వాళ్ల మెటీరియల్. ఆ ఏడాదంతా నేను ఇంట్లోనే చదివానన్న మాట అందులో లేదు.

కాగితం మడిచేసి నిజం చెప్పాను. మొదటిసారి తప్పు చేసిన లెక్కలన్నీ నోటుబుక్కులో రాసుకుని, ఎండుమిరపకాయల తొడిమలు తీసే మా మేనత్తకు రోజూ విడమరిచి చెప్పానన్నాను. నువ్వు బడికి వెళ్లకపోయినా, "ఆగవే, ఇందాక ఒకటన్నావు, ఇప్పుడింకోటంటన్నావు, ఏంది?" అని సరిగ్గా నేను తడబడిన చోటే పట్టుకునేదానివని చెప్పాను. లెక్చరర్లు నవ్వారు. ప్రిన్సిపాల్ మైకు లాక్కుని, "సరదాకి చెప్తోంది, మీరు షెడ్యూల్ ఫాలో అవ్వండి" అన్నాడు.

గేటు దగ్గర ఒక పిల్ల నా వెంటపడి వచ్చింది.

"అక్కా, మా ఇంట్లో కూర్చుని వినేవాళ్లెవరూ లేరు. నేనెవరికి చెప్పేది?"

అప్పుడు నీ మీదా కోపం వచ్చింది. నా రిజల్ట్ చూడకుండానే పోయావు. దీనికి జవాబూ చెప్పకుండా పోయావు.

ఆదివారం మనింటికొచ్చి లెక్కలు నాకే చెప్పమన్నాను ఆ పిల్లను. లెక్క నాకు వచ్చు కాబట్టి తప్పు ముందే కనిపిస్తుంది, నోరు ఊరుకోదు. నీలా చివరిదాకా వినాలంటే చేతులకు పని ఉండాలి. వచ్చేటప్పుడే రెండు కేజీల ఎండుమిరపకాయలు కొనుక్కొచ్చాను.