టైగ్ తాత ముగ్గురు పెళ్ళాలు

డబ్లిన్,
3 మార్చి 1994

అమ్మమ్మా,

నేను కడుపుతో లేను.

పోయిన ఉత్తరంలో నేనడిగింది ఒకటే: మన ఇంట్లో మొదటి ఆడపిల్లకు ఏ పేరు పెడతారని. దానికి నువ్వు పసిపిల్లల ఊలు మేజోళ్ళు అల్లి పంపావు. మూడు జతలు! ఈ ఇంట్లో నేనేం చెప్పినా ఎవరికి కావలసింది వాళ్ళు వింటారు. చరిత్ర చదువుతానంటే అమ్మకు టీచరు ఉద్యోగం వినిపించింది. పేరు అంటే నీకు పాప వినిపించింది.

నేను వెతుకుతున్నది పుట్టబోయేవాళ్ళను కాదు, పోయినవాళ్ళను. ఆచారం ప్రకారం మొదటి కూతురికి అమ్మమ్మ పేరు పెట్టాలి. నువ్వు మొదటి కూతురివి, నీ పేరు గాబ్‌నెట్. అంటే మీ అమ్మమ్మ కూడా గాబ్‌నెట్ అయ్యుండాలి. అవునా, కాదా? ఆమె దొరికితే నా పరిశోధన గట్టెక్కుతుంది. అందుకే రోజూ లైబ్రరీ చీకటిగదిలో డోనల్ పక్కన కూర్చుని, పాత చర్చి పుస్తకాలను ఫొటోలు తీసి పెట్టిన ఫిల్ము చూస్తున్నాను.

నీ మనవరాలు
డెబొరా

తా.క. ఒక జత డోనల్ బొటనవేళ్ళకు తొడుక్కున్నాడు. గదిలో చలి.

*

కిల్‌డెరిగ్, కోర్క్ జిల్లా,
9 మార్చి

డెబీ పిల్లా,

చీకటిగదిలో మగాడి పక్కన కూర్చుని ఫిల్ము చూస్తే ఏమవుతుందో నాకు తెలియదనుకున్నావా? ఏడుగుర్ని కన్నాను. మీ తాత గదిలో దీపం వెలుగుతూనే ఉండేది, అయినా ఏడుగురు.

నాకేం కోపం లేదు. ఎనభై నిండాయి. ఈ లోయలో గాబ్‌నెట్ అని పిలిస్తే తలతిప్పేదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. నేను పోతే ఆ పేరూ పోతుంది. నీకు పెట్టాల్సిన పేరది. మీ అమ్మ టీవీలో పాడే పిల్ల పేరేదో తెచ్చి తగిలించింది. నీ జ్ఞానస్నానం రోజునుంచి, ఇరవైరెండేళ్ళుగా, దాంతో నాకు మాటల్లేవు. పోనీ నీ పాపకైనా పెట్టు, చాలు. ఫాదర్ మలకీతో మాట్లాడాను. పెళ్ళి జూన్ పది.

అవునే, మా అమ్మమ్మ గాబ్‌నెటే. తాత టైగ్ ఓలియరీ.

మీ అమ్మమ్మ

తా.క. ఆ అబ్బాయికి పందులు కాయడం వచ్చా?

*

డబ్లిన్,
16 మార్చి

అమ్మమ్మా,

ముందు కూర్చో. మీ తాతకు ముగ్గురు పెళ్ళాలు.

చర్చి పుస్తకం అబద్ధమాడదు. 1861లో పుట్టిన బిడ్డకు తల్లి గాబ్‌నెట్. 1863లో అబిగెయిల్. 1866లో డెబొరా. 1868లో మళ్ళీ గాబ్‌నెట్! ఇల్లు అదే, మొగుడు అతనే, మధ్యలో ఒక్కతె కూడా చచ్చిపోలేదు. ముగ్గుర్నీ ఒక్క పొయ్యి దగ్గర ఎలా నెగ్గుకొచ్చాడో! మా ప్రొఫెసరు కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతున్నాడు.

ఇంకో సంగతి. ఫాదర్ మలకీ అమ్మకు ఫోన్ చేశాడు. అమ్మ గంటసేపు ఏడ్చింది. తర్వాత వెళ్ళి పెళ్ళికి టోపీ కొనుక్కుంది.

డెబొరా

తా.క. డోనల్‌కు అరవైమూడేళ్ళు. లైబ్రరీ గుమాస్తా. పందులంటే భయం లేదట.

*

కిల్‌డెరిగ్,
21 మార్చి

ఒసే చదువుకున్న మొద్దూ,

మా తాతను ఎంత మాటన్నావే! ఒక్క పెళ్ళాం ముందే నోరెత్తలేనివాడికి ముగ్గురా? గాబ్‌నెట్ మన ఐరిష్ పేరు. ఇంగ్లీషులో రాసే ఫాదర్లకు అది నోరూ తిరగదు, చెయ్యీ తిరగదు. ఒకాయన అబిగెయిల్ అని రాసుకునేవాడు, ఇంకొకాయన డెబొరా అని. మన వైపు ఫాదరు వస్తే గాబ్‌నెట్ అనే రాసేవాడు. ముగ్గురూ ఒకత్తే! ఈ లోయలో దూడనడిగినా చెబుతుంది.

కోపంతో
మీ అమ్మమ్మ

తా.క. అరవైమూడైతే ఏం? పొలం ఉందా?

*

డబ్లిన్,
26 మార్చి

అమ్మమ్మా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఐదోసారి అమ్మకు వినిపించాను. డెబొరా అన్నా గాబ్‌నెట్ అన్నా ఒకటేనని నువ్వే, నీ చేత్తో రాశావు. అది మడిచి పెట్టిన కవరు మీద ఎవరి పేరు రాశావో గుర్తుందా?

అమ్మ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఆవిడ పేరే పెట్టానే. డబ్లిన్ బడిలో పిల్లలు ఏడిపించకుండా ఇంగ్లీషులో పెట్టాను. చెప్పబోతే తలుపు విసిరికొట్టి వెళ్ళిపోయింది," అంది. ఇద్దరూ ఒకే పేరు కోసం ఇరవైరెండేళ్ళు పోట్లాడుకున్నారన్నమాట.

నేను కనిపెట్టిన ముగ్గురు సవతులూ ఒక్కతై కూర్చున్నారు. ప్రొఫెసరు ఇప్పుడు కుదురుగానే ఉన్నాడు. డోనల్‌కు ఇదివరకే పెళ్ళయింది. విచారించాను, ఆవిడకు ఒక్కటే పేరు.

శనివారం బస్సుకు అమ్మ వస్తోంది. మీరూ మీరూ మాట్లాడుకోండి. ఫాదర్ మలకీకి నేనే రాశాను: జూన్ పదిన పెళ్ళి లేదు, ఆ తర్వాత జ్ఞానస్నానమూ లేదు. పేరు నేనే తీసుకుంటున్నాను. సోమవారం కాలేజీలో మార్పిస్తాను.

గాబ్‌నెట్